పట్టేసిన పాత మాసీ 1035 ట్రాక్టర్: ఇంజిన్, బ్రేక్ డ్రమ్ము, క్లచ్, నట్లు ఎట్ల విడిపించాలె?

పరకాల_1035:
అన్నలందరికీ నమస్కారం. బండి మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్, సింప్సన్ కంపెనీ మూడు సిలిండర్ల ఇంజిన్. నాలుగు వానాకాలాలు బయటనే ఉంది, సైలెన్సర్‌కు మూత లేదు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే "టక్" అని ఒక్క చప్పుడు, ఫ్యాన్ ఇంచు కూడ కదలది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగనే ఉంది, పాల రంగు లేదు. ఎడమ వెనుక చక్రం బ్రేకు పట్టేసింది, ఆ చక్రానికే రెండు నట్ల మూలలు అరిగినయి. లిఫ్టు కుడిదిక్కు రాడ్డు తిరగది. ఇంకో బండి పెట్టి టాప్ గేర్ల గుంజితే ఇంజిన్ అదే విడుస్తదని ఊర్లె అంటున్నరు. యాసంగి కరిగెటకు (నాట్లకు ముందు బురద దున్నుడు) కావాలె. ఎక్కడ మొదలుపెట్టాలె?

జమ్మికుంట_మెకానిక్:
గుంజొద్దు తమ్ముడూ. గుంజితే దెబ్బ ఒక్కసారిగ పడ్తది. పిస్టన్ రింగుల గాడి అంచు పలుగుతది, లేకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతది. సిలిండర్ల నీళ్లుంటె రాడ్డు వంగుడు ఖాయం, నీళ్లు నొక్కితే నలగవు. రూ. 500 డీజిల్, ఆయిల్‌తోని అయ్యే పని హాఫ్ ఇంజిన్ (పిస్టన్లు, రింగులు మార్చే పెద్ద రిపేరు) దాకా పోతది.

ఇంజిన్ పట్టేసిందని ముందే అనుకోకు. ఏది పట్టిందో చూడు. గేరు న్యూట్రల్ల పెట్టు, పీటీఓ (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్ట్) లివరు కూడ విడిపించు. ఫ్యాన్ బెల్టు ఊడదీసి డైనమో, వాటర్ పంపు చేత్తోని తిప్పి చూడు. తర్వాత సెల్ఫ్ మోటర్ విప్పి బయటికి తియ్. సెల్ఫ్ పినియన్ రింగ్ గేరు పండ్లల్ల ఇరుక్కున్నా ఇదే "టక్" చప్పుడు వస్తది, ఇదే తీరుగ ఆగుతది. సెల్ఫ్ తీసినంక ఆ రంధ్రంలకెల్లి ఫ్లైవీల్ పండ్లు కనపడ్తయి. అక్కడ మొద్దు కొస ఉన్న రాడ్డు పెట్టి మెల్లగ ఎత్తి చూడు. అప్పుడు కూడ కదలకుంటెనే ఇంజిన్ మీదికి పో.

సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) డ్రెయిన్ బోల్టు నాలుగు చుట్లు మెల్లగ లూజు చేసి చూడు, మొత్తం తియ్యకు. నీళ్లు ఆయిల్ కంటె బరువు, అడుగున ఉంటయి. ఇంజిన్ తిరగలేదు కాబట్టి కలవలేదు, అందుకే స్టిక్ మీద ఆయిల్ నల్లగ మంచిగనే కనపడ్తది. ముందు నీళ్లొస్తే అవి సైలెన్సర్‌లకెల్లి దిగినయన్నట్టు.

డీజిల్‌పంపు_హన్మకొండ:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రోటరీ పంపు (నాజిళ్లకు డీజిల్ కొట్టే పంపు) ఉన్న బండి అయితే, ఇంజిన్ మీద బలం పెట్టకముందే పంపు సంగతి తేల్చుకోండి. రోటరీ పంపులో రోటర్‌కు, హెడ్డుకు మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు, దానికి డీజిలే గ్రీసు. నీళ్లు కలిసిన డీజిల్ నాలుగేళ్లు నిలిస్తే రోటర్ పట్టేస్తుంది. అప్పుడు ఇంజిన్ తిప్పితే పంపు డ్రైవ్ షాఫ్ట్ విరుగుతుంది. టైమింగ్ గుర్తులు పెట్టుకుని, ఫ్లేంజీ మీద ఉలితో ఒక గీత గీసి, పంపు విప్పి పక్కన పెట్టండి. షాఫ్ట్ చేత్తో తిరగకపోతే సుత్తె వద్దు, క్యాలిబ్రేషన్ బెంచీ ఉన్న చోటికి తీసుకెళ్లండి. విప్పినచోట దుమ్ము పడితే ఆ పంపు పనికిరాదు.

పంపు తిరిగినా లోపలి మీటరింగ్ వాల్వు (ఎంత డీజిల్ పోవాలో అదుపు చేసేది) పట్టేసి ఉండొచ్చు. అది తెరిచిన స్థితిలో పట్టితే స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇంజిన్ పూర్తి రేజులో లేస్తుంది, స్టాప్ లాగినా ఆగదు. దీని సంగతి స్టార్ట్ చేసే దశలో మళ్లీ రాస్తాను.

నర్సంపేట_రైతు:
ఇంజిన్ల ఏం పొయ్యాలె? కొందరు కోలా పొయ్యమంటరు, కొందరు వెనిగర్, కొందరు బ్రేక్ ఆయిల్. మా దిక్కు గ్యాస్‌నూనె (కిరోసిన్) పోస్తుండె, ఇప్పుడది దొరుకుతలేదు.

జమ్మికుంట_మెకానిక్:
కోలా, వెనిగర్ రెండూ నీళ్లే, కొంచెం ఆమ్లం కలిసినయి. తుప్పును కొద్దిగ తింటయి, పోయినంక కొత్త తుప్పు పట్టిస్తయి. పిస్టన్ అల్యూమినియం, దాన్ని కూడ తింటయి. విప్పి బయటపెట్టిన ఇనుప ముక్కలకైతే వెనిగర్ సరే, ఇంజిన్లకు మాత్రం వద్దు.

డీజిల్ రెండు పాళ్లు, ఏటీఎఫ్ ఆయిల్ ఒక పాలు కలుపు. ఏటీఎఫ్ అంటే పవర్ స్టీరింగుల పోసే ఎర్ర ఆయిల్. తొందరుంటె ఏటీఎఫ్, అసిటోన్ సగం సగం. అవి రెండూ సరిగ కలవవు, పోసే ముందు ప్రతిసారి ఊపాలె. అసిటోన్ గాలికి తొందరగ ఎగిరిపోతది, రంగును తింటది, రబ్బరు సీళ్లను ఉబ్బిస్తది. నిప్పు దగ్గరికి రానియ్యొద్దు. దాని ఆవిరే అంటుకుంటది.

సిలిండర్లకు డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి తియ్. నాజిల్ కూడ హెడ్డుల పట్టేసి ఉంటది, దాని చుట్టూ ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచు. పక్కకు తిప్పి తిప్పి పైకి తియ్, స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తకు. ఆ రంధ్రంలకెల్లి సన్నని తీగ దించి పిస్టన్ ఎంత లోతుల ఉందో కొలువు. ఇది ముఖ్యం. ఈ ఇంజిన్ మొత్తం 2,400 సీసీ దగ్గర, అంటే ఒక్కో సిలిండర్ 800 సీసీ. పిస్టన్ పైన ఉంటె 100 మిల్లీలీటర్లతోనే నిండుతది. కింద ఉంటె గోడ మొత్తం తడవాలంటే ముప్పావు లీటరు కావాలె. అందరూ నాలుగు చెంచాలు పోసి మునిగిందనుకుంటరు, తుప్పు మాత్రం పైన గోడకు పొడిగనే ఉంటది.

పోసినంక తీగతోని మట్టం కొలిచి రాసుకో. తెల్లారి మళ్లా కొలువు. మెల్లగ దిగితే రింగుల పక్కకెల్లి పోతున్నట్టు, అదే కావాలె. అసలే దిగకుంటె అదే పట్టిన సిలిండర్. గంటల ఖాళీ అయితే రింగులన్నా విరిగినయి, వాల్వన్నా తెరిచి ఉంది.

లేత్‌పని_ఆటోనగర్:
ఒక్క సిలిండరే పట్టడం మామూలు. బండి ఆపినప్పుడు ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఆగిందో, సైలెన్సర్ నుంచి దిగిన వాన నీళ్లు దాంట్లకే పోతయి. మిగతా రెండు బాగుంటయి. ఫోనుకు తగిలించే సన్న కెమెరా వైరు ఆన్‌లైన్ల దొరుకుతది, నాజిల్ రంధ్రంలకెల్లి దించితే ఎర్ర తుప్పు పట్టీ ఏ ఎత్తుల ఉందో కళ్లకు కనపడ్తది. పట్టీ పిస్టన్ పైన ఉంటె, పిస్టన్‌ను పైకి కదిలిస్తే రింగులు ఆ తుప్పుకు తగిలి విరుగుతయి. అప్పుడు హెడ్డు విప్పక తప్పది. హెడ్డు తీసి గోడ మీద తుప్పును 220 నంబర్ ఎమరీ పేపరు, డీజిల్‌తోని అడ్డంగ రుద్ది తీసి, గుడ్డతోని తుడిచి, అప్పుడు కదిలించాలె.

హెడ్డు తీసినంక పై నుంచి కొట్టాలంటె నల్లతుమ్మ మొద్దును లేత్ మీద 88 మిల్లీమీటర్ల గుండ్రంగ కోయించుకోండి. బోరు (సిలిండర్ లోపలి అడ్డం) 91 పైచిలుకు, అందుల సరిగ్గ దిగుతది. సన్న కర్రతోని నడుమల కొడితే పిస్టన్ తల పలుగుతది. మొద్దు అడుగు సాఫుగ ఉండాలె, బలం అంచుల మీద సమంగ పడాలె. కొట్టుడు రెండు కిలోల సుత్తెతోని, చిన్న చిన్న దెబ్బలు.

ఒక్క మాట. పిస్టన్ మొత్తం పైన గానీ మొత్తం కింద గానీ ఆగి ఉంటె పై నుంచి ఎంత కొట్టినా క్రాంకు తిరగది. రాడ్డు నిలువుగ ఉంటది కదా, బలమంతా బేరింగు మీద పడ్తది. ఆ స్థితిల ఫ్లైవీల్ దిక్కు నుంచే తిప్పాలె.

జగిత్యాల_హెచ్ఎంటీ:
సింప్సన్‌కు సరే కానీ, ఇది చదివే హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల వాళ్లకు జాగ్రత్త. హెచ్‌ఎంటీ 2511 చెక్ కంపెనీ జెటార్ డిజైన్, వెట్ లైనర్ (బయట చుట్టూ నీళ్లుండే, విడిగ ఊడొచ్చే సిలిండర్ గొట్టం). అందుల కింది నుంచి పైకి తంతె పిస్టన్‌తోని పాటు లైనరే లేస్తది, కింద రబ్బరు రింగులు తెగుతయి, తర్వాత సంపుల నీళ్లు. హెడ్డు తీసినంక లైనర్ అంచు మీద పట్టీ, వాషర్ పెట్టి హెడ్డు స్టడ్లకు బిగించి లైనర్‌ను పట్టుకోవాలె. అప్పుడే కదిలియ్యాలె.

పరకాల_1035:
ధన్యవాదాలు అన్నా. సెల్ఫ్ మంచిగ తిరుగుతంది, పంపు షాఫ్ట్ కూడ చేత్తోని తిరిగింది. డ్రెయిన్ బోల్టులకెల్లి అర గ్లాసు నీళ్లు ముందు వచ్చినయి. మిశ్రమం పోసిన. రెండు, మూడు సిలిండర్ల మట్టం దిగింది, ఒకటో నంబర్ల అట్లనే ఉంది, పిస్టన్ సగంల ఆగింది. తుప్పు పట్టీ పైన పలుచగ ఉంది. గ్రీస్ గన్‌తోని నొక్కి తియ్యొచ్చు అని విన్న, నిజమేనా?

లేత్‌పని_ఆటోనగర్:
నిజమే. పాత పాడైన నాజిల్ బాడీ తీసుకుని, లోపల బెజ్జం వేసి, పైన గ్రీస్ నిపుల్ చూడీ (మర) కోయిస్తే అడాప్టర్ అయితది. లేత్ మీద గంట పని. రాకర్ షాఫ్ట్ విప్పి పుష్ రాడ్లు తీసెయ్యాలె, అప్పుడు వాల్వులు రెండూ మూసుకుంటయి. ముందు సిలిండర్ నిండ ఆయిల్ పొయ్యి, గాలి లేకుండ చూడు, అప్పుడు గ్రీసు కొట్టు.

లెక్క తెలుసుకుని కొట్టు. బోరు వైశాల్యం 65 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోల వత్తిడి పెడితే పిస్టన్ మీద ఆరున్నర టన్నులు పడ్తది. చేతి గ్రీస్ గన్ అంతకు ఎన్నో రెట్లు ఇస్తది. కాబట్టి హ్యాండిల్ గట్టిపడ్డంక ఆపాలె, వదిలి గంటో రెండో చూడాలె, మళ్లా ఒక్క స్ట్రోకు. పైపు తొడిగి నొక్కితే హెడ్డు గాస్కెట్టన్నా పోతది, రాడ్డన్నా వంగుతది. పని చేసేటప్పుడు నాజిల్ రంధ్రం మీద మొహం పెట్టొద్దు.

నీ పిస్టన్ సగంల ఉంది, ఈ పద్ధతికి అదే సరైన జాగ. కిందికే కదులుతది, తుప్పు పట్టీకి దూరంగ.

జమ్మికుంట_మెకానిక్:
గ్రీసుకంటే ముందు ఓపిక పట్టు. ఇంకో వారం నానబెట్టు, రోజూ పొద్దున ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి ఫ్లైవీల్ పండ్ల మీద రాడ్డు పెట్టి ఇటు, మళ్లా అటు ఎత్తు. క్రాంకు పుల్లీ మీద, టైమింగ్ కవరు మీద సుద్దముక్కతోని ఒకే గీత గియ్. ఆ గీత రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే సగం పని అయినట్టే. కదిలినంక ఒకే దిక్కు తొయ్యకు, కదిలిన కాడికి వెనక్కు తే. ముందుకు వెనక్కు పోతుంటె ఆయిల్ లోపలికి గుంజుకుంటది, తుప్పు పొడి బయటికొస్తది. ఒకే దిక్కు బలవంతంగ తోస్తే ఆ పొడి రింగు ముందు కుప్పపడి మళ్లా పట్టేస్తది.

రాడ్డు మూడు నాలుగు ఫీట్ల కంటె పొడుగు వద్దు. రింగ్ గేరు పండు ఒక్కటి విరిగినా మళ్లా బండి ఊడదియ్యాలె.

వరంగల్_వెల్డర్:
నట్ల గురించి ఎవరూ రాయలేదు. మాసీల చానా బోల్టులు ఇంచు కొలతల్లో ఉంటయి, హెచ్‌ఎంటీల మిల్లీమీటర్లు. సగం నట్ల మూలలు పోయేది తప్పు పానతోనే. 15/16 నట్టు 23.8 మిల్లీమీటర్లు, 24 పాన పెడితే పడ్తది కానీ వదులు. 9/16 అంటే 14.3, దానికి 14 పట్టది, 15 పెడితే మూలలు పోతయి. 3/4కు 19 సరిపోతది. పట్టేసిన నట్టుకు రింగు పాన గానీ, ఆరు మూలల సాకెట్టు గానీ పెట్టాలె. పన్నెండు మూలల సాకెట్టు వద్దు.

తీసే ముందు తీగ బ్రష్షుతోని చూడీల మీద తుప్పు తియ్, ఆయిల్ కొట్టు, నట్టు తల మీద సుత్తెతోని నాలుగు దెబ్బలు నిటారుగ వెయ్. తర్వాత ముందు బిగుతు దిక్కు పావు ఇంచు తిప్పు, అప్పుడు లూజు దిక్కు. కిర్రుమని కదిలినంక ఒకేసారి మొత్తం తియ్యొద్దు. అర చుట్టు లూజు, పావు చుట్టు బిగుతు, మధ్యల ఆయిల్.

వేడి పెట్టేటోళ్లకు: నట్టునే కాల్చాలె, స్టడ్డును కాదు. నట్టు చుట్టూ మంట తిప్పి మసక ఎరుపు వచ్చేదాక కాల్చి, మంట తీసి, ఎరుపు పోయినంక కొవ్వొత్తి ముక్క చూడీకి ఆనించు. మైనం కరిగి లోపలికి గుంజుకుపోతది. ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టడ్లకు ఇది బ్రహ్మాండంగ పనిచేస్తది. పోత ఇనుము మీద మాత్రం ఒక్కచోటే కాల్చొద్దు, కాలినదాని మీద నీళ్లు పొయ్యొద్దు, చీలుతది.

స్టడ్డు లోపలికి విరిగితే: దాని మీద ఒక నంబర్ పెద్ద నట్టు పెట్టి, నడుమ రంధ్రంలకెల్లి 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతోని వెల్డింగు నింపు. ఎరుపు తగ్గి చేత్తోని తాకే వేడికి వచ్చినంక పాన పెట్టు. వెల్డింగుకు ముందు బ్యాటరీ రెండు వైర్లు, డైనమో వైర్లు తీసెయ్. ఎర్తు క్లాంపు ఆ స్టడ్డు పక్కనే పెట్టు. దూరంగ పెడితే కరెంటు బేరింగులలకెల్లి పోయి గుంటలు పడ్తయి. ఈజీ ఔట్ (విరిగిన స్టడ్డును తిప్పి తీసే పనిముట్టు) జోలికి తొందరగ పోకండి, అది లోపల విరిగితే డ్రిల్లు కూడ దిగది.

నర్సంపేట_రైతు:
మరి ఆ తమ్ముని వెనుక చక్రం నట్లకు కూడ గ్యాసు మంట పెట్టొచ్చు కదా?

వరంగల్_వెల్డర్:
వద్దు. వద్దే వద్దు. టైరు ఎక్కి ఉన్న రిమ్ము దగ్గర మంట, వెల్డింగు ఏదీ వద్దు. వేడికి లోపల రబ్బరు మండే వాయువు వదుల్తది, గాలి వత్తిడి పెరుగుతది, టైరు బాంబు లెక్క పేలుతది. గాలి తీసినా ప్రమాదం పోదు. టైరు మొత్తం రిమ్ము నుంచి ఊడినంకనే మంట. మనుషులు చచ్చిపోయే పని ఇది, ఎవరు చెప్పినా వినకండి.

మూలలు పోయిన నట్టుకు: ఒక సైజు చిన్న ఆరు మూలల సాకెట్టు సుత్తెతోని కొట్టి ఎక్కించు, కింద చక్రం నేల మీద ఉండంగనే లూజు చెయ్. అది కాకుంటె గ్రైండరుతోని నట్టు ఒక పక్క చూడీ కనపడే దగ్గర దాక గాటు పెట్టి, ఆ గాట్ల ఉలి పెట్టి కొట్టు. నట్టు విచ్చుకుంటది, స్టడ్డుకు ఏం కాదు. గ్రైండరు నిప్పురవ్వలు టైరు మీద పడకుండ తడి గోనెసంచి కప్పు.

జగిత్యాల_హెచ్ఎంటీ:
బ్రేక్ డ్రమ్ము: బండి లేపే ముందు ముందు చక్రాలకు అడ్డాలు పెట్టాలె. ముందు యాక్సిల్ నడుమ పిన్ను మీద ఊగుతది కదా, యాక్సిల్‌కు పైన ఫ్రేముకు మధ్య రెండు పక్కల చెక్క చీలికలు కొట్టాలె, లేకుంటె వెనుక లేపంగనే బండి పక్కకు వాలుతది. జాకీ మీద వదలొద్దు, కింద మొద్దులు పెట్టు.

చక్రం తీసినంక డ్రమ్మును పట్టుకున్న రెండు చదును తల స్క్రూలు కనపడ్తయి. ఇంపాక్టు డ్రైవరుతోని సుత్తె దెబ్బకు తిప్పాలె. అడ్జస్టర్‌ను పూర్తిగ వెనక్కు తిప్పు, షూలు లోపలికి వస్తయి. ఇది చేయకుంటె డ్రమ్ము అంచు కింద అరిగిన గాడి షూను పట్టుకుని రానియ్యది. డ్రమ్ము మొహం మీద రెండు చూడీ రంధ్రాలుంటె అందుల బోల్టులు సమంగ బిగిస్తే డ్రమ్మే బయటికొస్తది. పాత లైనింగులల్ల ఆస్బెస్టాస్ ఉంటది, గాలి పైపుతోని ఊదొద్దు. నీళ్లు చల్లి తడి గుడ్డతోని తుడిచి కవర్ల కట్టి పారెయ్. లోపల కరిగెట బురద ఎండి రాయి లెక్క ఉంటె యాక్సిల్ సీలు కూడ పోయినట్టే, తీసినప్పుడే మార్చు.

లిఫ్టు కుడి రాడ్డు బండి మీద కాల్చొద్దు, పక్కనే టైరు. రెండు పిన్నులు తీసి రాడ్డు విడిగ తే. కాల్చే ముందు గ్రీస్ నిపుల్ విప్పి తియ్, లోపల మూసుకుపోయిన గ్రీసు ఆవిరైతె రాడ్డు గేరు పెట్టె పేలి మొహానికి కొడ్తది.

పరకాల_1035:
నట్లు వచ్చినయి, డ్రమ్ము వచ్చింది. పుల్లీ గీత ఇవ్వాళ వేలు మందం జరిగింది, గ్రీస్ గన్ అవసరం పడలే. ఇప్పుడు చుట్టు మొత్తం తిరిగినంక ఏం చెయ్యాలె? క్లచ్చు కూడ పట్టి ఉంటదా?

డీజిల్‌పంపు_హన్మకొండ:
స్టార్ట్ తొందర వద్దు. పాత ఆయిల్ మొత్తం దించి, ఫిల్టర్ మార్చి కొత్తది పోయండి. మీరు పోసిన డీజిల్, ఏటీఎఫ్ అంతా రింగుల పక్కగా సంపులోకే దిగింది, ఆ పలుచటి ఆయిల్‌తో బేరింగులు పోతాయి. టాపెట్ కవరు తీసి, చేత్తో రెండు చుట్లు తిప్పుతూ ఆరు వాల్వులూ దిగి లేస్తున్నాయో లేదో చూడండి. ఒక్కటి పైకి రాకుండా ఆగినా పుష్ రాడ్డు వంగుతుంది. పట్టిన వాల్వు కాడ మీద ఆయిల్ వేసి, ఆ సిలిండర్ పిస్టన్ కిందికి దించి, రబ్బరు సుత్తెతో తట్టండి.

నాజిళ్లు బిగించకుండా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, నిమిషం ఆపి, మళ్లీ. రంధ్రాల్లో మిగిలిన ఆయిల్ ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది, దూరంగా ఉండండి. అదే నాజిళ్లు బిగించి కొడితే రాడ్డు వంగుతుంది. ఆయిల్ గేజీ లేచేదాకా ఇలాగే.

ఇక రేజు సంగతి. ఎయిర్ క్లీనర్ పైపు మానిఫోల్డు దగ్గర విప్పి, ఆ నోటిని పూర్తిగా మూసే మందపాటి చెక్క ముక్క ఒక మనిషి చేతిలో పెట్టి నిలబెట్టండి. ఇంజిన్ అదుపు తప్పితే గాలి మూయడం ఒక్కటే దారి. చెయ్యి, గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది. ఆయిల్ బాత్ క్లీనర్ గిన్నెలో గుర్తు దాటి ఆయిల్ ఉంటే దాన్ని లాక్కుని కూడా ఇంజిన్ అలాగే ఎగుస్తుంది, ముందే చూసుకోండి.

జమ్మికుంట_మెకానిక్:
క్లచ్చు పట్టిందో లేదో స్టార్ట్ అయినంక తెలుస్తది. పెడల్ మొత్తం తొక్కినా గేరు గర్రుమంటె ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కున్నట్టు. ఇంజిన్ అరగంట నడిపి వేడి చెయ్, ఆపి, పెడల్ తొక్కి సీటు కింద నుంచి కర్ర అడ్డం పెట్టి రాత్రంతా ఉంచు. తెల్లారి వదలకుంటె ఖాళీ పొలం కాడికి తీస్కపో. ఇంజిన్ ఆపి పెద్ద గేరు పెట్టి, క్లచ్చు తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టు, బండి అప్పుడే ఉరుకుతది, కాబట్టి ముందర గోడ, మనిషి, బావి ఉండొద్దు. పెడల్ అట్లనే తొక్కి ఉంచి ఆక్సిలరేటర్ ఇచ్చుకుంట విడుచుకుంట, రెండు బ్రేకులు ఒకేసారి కొట్టు. అందుకే బ్రేకులు ముందే సరిచేసుకోవాలె. క్లచ్చు ప్లేటు మీద మాత్రం ఏ ఆయిలూ కొట్టకు, లైనింగు తాగితే ప్లేటు మార్చుడే.

డీజిల్‌పంపు_హన్మకొండ:
నాజిళ్లు బెంచీ మీద చూపించి బిగించేటప్పుడు ఒక్కటి గమనించండి. పాత రాగి వాషర్ చాలాసార్లు నాజిల్‌తో రాదు, హెడ్డు రంధ్రం అడుగునే అతుక్కుని ఉంటుంది. దాని మీద కొత్తది వేస్తే రెండు వాషర్లయి నాజిల్ ఎత్తుగా కూర్చుంటుంది, డీజిల్ పిస్టన్ గిన్నెలో పడక తెల్ల పొగ వస్తుంది. టార్చి వేసి చూసి, వంచిన తీగ కొక్కెంతో పాతది లాగి తీయండి. తర్వాత క్లాంపు నట్లు రెండూ మార్చి మార్చి సమంగా బిగించండి, ఒకటి ముందు బిగిస్తే నాజిల్ పక్కకు వాలి లీకు కొడుతుంది.